వదినా, ముందు ఆ వడియాలు తీసెయ్యి

వదినా, ఓ వదినా! మిద్దె మీద గుమ్మడి వడియాలు పెట్టుండావు గదా, అవి తీసి లోపల పెట్టుకో. ఇంకాసేపట్లో నేను గన్ను పట్టుకుంటా ఉండా. నవ్వబాకు, రంగు కొట్టే గన్ను. గాలి ఇటు తిరిగిందంటే మా రేకుల షెడ్డులోంచి లేచే రంగు తుంపర నేరుగా మీ మిద్దె మీదికే వస్తాది. రేపు మీ వియ్యపురాలు వచ్చి, ఈ మీగడ రంగు వడియాలు యాడ కొన్నారని అడిగితే నన్ను తిట్టుకుంటావు.

అన్న బండి మీద కూడా ఏదన్నా పాత దుప్పటి కప్పెయ్యి. గోడకి ఆనించి పెట్టుండాడు. అద్దం మీద పడిన తుంపరని బ్లేడుతో గీకొచ్చు, సీటు మీద పడితే మాత్రం అదింక బండితో పాటే పోతాది. ఇంకో మాట, మీ కోడలు నిండు చూలాలు. ఈ పక్క కిటికీలు మూసి, మధ్యాహ్నం దాకా ఆ అమ్మాయిని ముందు గదిలో పడుకోమను. టర్పెంటాయిల్ వాసన మనకే తల తిరగతాది, ఆ బిడ్డకెందుకు?

అవును, రంగు కొట్టేది కిటికీ రెక్కలకే. మా ఆయన చెక్కలు కోస్తా ఉంటే రోజూ గోడ మీద నుంచి చూస్తానే ఉండావు గదా. పడమటి పక్క కిటికీలకి, బయట వైపు. గాజు తలుపులు ఉండంగా మళ్లీ ఇవెందుకంటావా? మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మా పడమటి గదిలో ఒక్కసారి కూర్చోని చూడు, నీకే తెలస్తాది. నెల్లూరోళ్లకి సాయంత్రమయితే సముద్రపు గాలి తగలతాది. అది మన ఆత్మకూరు దాకా వచ్చే సరికి చచ్చిపోతాది. మనకి మిగిలింది వెలిగొండల పక్క నుంచి కొట్టే వడగాడ్పు. ఎండ గాజులోంచి లోపలికి దూరినాక పరదా వేసి ఏం లాభం? వేడి అప్పటికే గదిలో ఉంటాది. ఆపితే గాజుకి అవతలే ఆపాల. ఏటవాలు పలకల రెక్కలయితే ఎండ పలకల మీద ఆగిపోతాది, గాలి సందుల్లోంచి వస్తాది. మా తాతల కాలం మిద్దెల్లో అన్నీ ఇవే ఉండేయి. గాజు వచ్చి అవి పొయ్యాయి, ఇప్పుడు ఏసీ బిల్లులు చూసి మళ్లీ గుర్తొస్తా ఉండాయి.

చెక్క ఏందో తెలుసా, వేప. ఉదయగిరిలో మా పుట్టింటి పెరట్లో చెట్టు గాలివానకి పడింది. నిలబడుండే చెట్టు కొట్టాలంటే 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉండాది, ముందు అనుమతి తెచ్చుకోవాల. ఇది తనకు తానే పడింది గాబట్టి ఆ గోల తక్కువ. సా మిల్లులో పలకలు కోయించి, పలకకీ పలకకీ మధ్య సన్న పుల్లలు పెట్టి, నీడలో పేర్చి పెట్టాం. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని వడ్రంగులు చెప్పే లెక్క. మా ఆయనకి ఆగే ఓపిక లేదు, నేనే ఆపినా. పచ్చి చెక్క మీద ఎంత ఖరీదు రంగు కొట్టినా, లోపలి తేమ బయటికి వచ్చేటప్పుడు పొక్కులు లేపి పారేస్తాది. వేపకి చెద పెద్దగా పట్టదు, చేదు గదా. ఎర్రచందనం పెట్టించుకోకూడదా అని మా మరిది ఎకసెక్కం. వెనకాల కొండల నిండా ఉండాదంట. ఉండాది నిజమే. ఒక ముక్క ఇంట్లో పెట్టుకుంటే కిటికీ కంటే ముందు ఫారెస్టు జీపు వచ్చి వాకిట్లో నిలబడతాది.

ఉప్పుకాగితం పని మటుకు అంతా నాదే. అది మా ఊరి విద్య వదినా. ఉదయగిరి కొయ్య గరిటెలు చూసుండావు గదా, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. దిలావర్ భాయ్ వీధిలో ఇంటింటా ఆడోళ్లు కూర్చోని చేస్తారు. నర్ది, బిక్కి అని దుర్గం కొండ చెక్కలు. చిన్నప్పుడు బడి వదలంగానే నేను ఆడే ఉండేదాన్ని, చెంచాలు రుద్దేదాన్ని. గుంట లోపలి వైపు బొటనవేలితో కాగితం నొక్కి తిప్పి తిప్పి రుద్దతారు, కళ్లు మూసుకుని వేలితో తడిమి చూస్తారు. కంటికి నున్నగా అగుపడేది వేలికి గరుగ్గా తగలతాది. ఆ గరిటెలకి రంగు పూయరు, నోట్లో పెట్టుకునేది గదా. రంగు లేనప్పుడు నునుపంతా చేతి పనిలోనే రావాల. మనమేమో రంగు కప్పేస్తాది లెమ్మని సగం రుద్ది వదిలేస్తాం. రంగు దేన్నీ కప్పదు వదినా. గన్నుతో కొట్టిన మెరుపు రంగయితే లోపలి ప్రతి గీతనీ ఇంకా ఎత్తి చూపిస్తాది.

మొదట 80 నంబరు కాగితం, తర్వాత 120, ఆనెక 180. చెక్క పోగు ఎటు పోతే అటే రుద్దాల, అడ్డంగా రుద్దితే గీతలు పడి రంగు కింద కూడా అగుపడతాయి. పలకలు చట్రంలో బిగించక ముందే రుద్దుకోవాల. బిగించినాక మూలల్లోకి ఏ కాగితమూ పోదు. కణుపులు ఉండే చోట స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత పూశా. పూయకపోతే కణుపులోంచి జిగురు ఊరి, ఎండాకాలానికి రంగు మీద పసుపు మచ్చ తేలతాది. మేకు బెజ్జాలకి లప్పం. దుకాణంలో డబ్బాలు అమ్ముతారు గానీ నేను పాత పద్ధతిలోనే సుద్దపొడి, అవిసె నూనె కలిపి పిసికినా.

అవిసె నూనె అంటే గుర్తొచ్చింది. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండలు చుట్టి మూల పడేయకూడదు. ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నిప్పు పెట్టే పనే లేదు. నీళ్ల బకెట్లో ముంచి పెట్టాల, లేకపోతే విప్పి తీగ మీద ఆరేయాల. ఇది విని మా అత్త నమ్మలే. ఆ గుడ్డలు మటుకు నేను బకెట్లోనే వేసినా.

కుంచె అయితే ఏం పొయ్యిందంటావా? మంచి మాట అడిగావు. సాదా పలక తలుపయితే కుంచే చాలు, గన్ను దండగ. ఏషియన్ పెయింట్స్ డబ్బా మీద గట్టు అనే పిల్లోడి బొమ్మ ఉండేది చూడు, 1954లో ఆర్కే లక్ష్మణ్ గీసింది. ఆ పిల్లోడి చేతిలో కూడా కుంచే ఉండేది గానీ గన్ను లేదు. అయితే ఏటవాలు పలకల రెక్క సంగతి వేరే. ఒక్కో పలకకి రెండు ముఖాలు, రెండు అంచులు, అటూ ఇటూ చట్రంలో దిగే మూలలు. కుంచె ఆ మూలలోకి దూర్చినప్పుడల్లా కాస్త రంగు ఆడ మిగిలిపోతాది, మనం పై పలకకి పొయ్యేసరికి అది కింద పలక మీదికి కారతాది. దాన్ని తుడిస్తే ఇంకో చోట చార. తెల్లారే సరికి ఎక్కడ చూసినా ఎండిన బొట్లు. నేను గన్ను పట్టింది సోకుకి కాదు, ఆ సందుల కోసం.

ఈ గన్ను ఎవరు కనిపెట్టారో తెలుసా? మా చిన్నోడు ఫోన్లో చదివి చెప్పాడు, నాకు బలే నచ్చింది. అమెరికాలో ఒహైయో రాష్ట్రం, టొలీడో అనే ఊరు. ఆడ డెవిల్బిస్ అనే గొంతు డాక్టరు ఉండేవాడంట. రోగుల గొంతులోకి మందు తుంపరగా చిమ్మడానికి ఒక పిచికారీ చేశాడు, 1888 ప్రాంతంలో. దాన్నే ఆయన కొడుకు 1907లో రంగు కొట్టే గన్నుగా మార్చాడు. అదే పేరుతో గన్నులు ఇప్పటికీ వస్తా ఉండాయి. దానికంటే ముందు, వివేకానందుడు పొయ్యి మాట్లాడాడే 1893 చికాగో, ఆ ఏడు ఆడ జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో పెద్ద భవనాలకి దాదాపు అన్నిటికీ తెల్ల రంగు. కుంచెలతో అయ్యే పని గాదని గొట్టాలతో చిమ్మించారంట. అందుకే ఆ భవనాలకి తెల్ల నగరం అని పేరు.

కంప్రెసరా? పాతదే, పంచరు షాపు మూసేస్తా ఉంటే మా ఆయన తెచ్చుకున్నాడు. ఒక హార్స్‌పవరు మోటారు. పెద్ద గన్నులు కొన్ని ఉంటాయి, తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి తాగేవి. వాటికి ఈ మోటారు చాలదు, రెండు చెక్కలు కొట్టేలోపు ట్యాంకు ఖాళీ. నాది పైన గిన్నె ఉండే చిన్న గన్ను, ముక్కు బెజ్జం 1.4 మిల్లీమీటర్లు. ప్రైమరు చిక్కన గాబట్టి దానికి 1.8 ముక్కు మార్చుకుంటా. గాలి టైరుకి కొట్టే లెక్కలోనే, 35 పౌండ్లు. దీంట్లో ఒక నష్టం ఉండాది, చెప్పాల. ఇట్టాంటి సాదా గన్నుతో కొడితే సగానికి పైగా రంగు చెక్క మీద పడకుండా గాల్లోనే పోతాది. నీ వడియాల మీదికి వచ్చేది అదే.

శబ్దానికి ఏమనుకోబాకు. నీ సీరియల్ టయానికి ఆపేస్తా. ఏమైనా కరెంటు వాళ్లే ముందు ఆపతారు.

అసలు ఈ పనిలో రంగు కంటే గాలి సంగతే ఎక్కువ చూసుకోవాల వదినా. మాఘమాసంలోనే ఎందుకు మొదలుపెట్టినానంటే అదే కారణం. మనకి పెద్దవాన తొలకరిలో రాదు గదా, ఆశ్వయుజం కార్తీకంలోనే. ఆ రోజుల్లో గాల్లో తడి. 2021 నవంబరు గుర్తుండాదా, సోమశిల కాడ పెన్న ఎట్టా దూకిందో. ఆ నెలంతా మా ఇంట్లో ఒక్క తలుపూ సరిగా పడలే, చెక్కంతా ఉబ్బిపొయ్యింది. అట్టాంటి గాలిలో రంగు కొడితే ఆరదు. లాకరు లాంటి తొందరగా ఆరే రంగయితే ఇంకా ఘోరం, థిన్నరు ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి గాల్లోని తేమని లాక్కోని పాలు చల్లినట్టు తెల్లగా మసకబారతాది. ఫోన్లో తేమ శాతం చూపిస్తాది గదా, 85 దాటితే నేను డబ్బా మూతే తియ్యను.

పోనీ ఎండాకాలంలో కొడదామా అంటే, రోహిణి కార్తెలో రంగు బొట్టు గన్నులోంచి బయటికి వచ్చి చెక్కని తాకే లోపలే ఎండిపోతాది. తాకినాక పొడి పొడిగా, చేతికి గరుగ్గా. మెరుపుండదు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఉండే రోజులే దీనికి మేలు. అందులోనూ మంచు విడిచినాక, పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఎండ చురుక్కుమనే దాకా. సాయంత్రం పనికిరాదు. లైటు వేస్తే చాలు, పెన్న ఒడ్డు పురుగులన్నీ వచ్చి తడి రంగులో పడతాయి. పడినా వేలితో తియ్యకూడదు, తీస్తే పురుగుతో పాటు ఇంత గంటు. అట్టే ఆరనిచ్చి మర్నాడు కాగితంతో రుద్దేయాల.

పొద్దున మీ పిల్ల చూసి నవ్వింది, షెడ్డు లోపల కళ్లాపి చల్లతా ఉండావేందత్తా అని. పేడ కలపలేదులే, ఉత్త నీళ్లే. నేల తడిగా ఉంటే కాలి దుమ్ము లేవదు. ముందు రోజే చీపురు పట్టి ఊడ్చి వదిలేయాల, అప్పటికప్పుడు ఊడిస్తే దుమ్మంతా గాల్లోనే తిరగతా ఉంటాది. నీళ్లు మరీ ఎక్కువ పోసినా తేమ పెరగతాది, చల్లీ చల్లనట్టు చల్లితే చాలు.

కంప్రెసరు ట్యాంకు అడుగున ఒక చిన్న మర ఉంటాది చూడు. అది రోజూ విప్పాల. గాలిని నొక్కినప్పుడు అందులో ఉండే తేమ నీళ్లయి అడుక్కి దిగతాది. విప్పితే తుప్పు రంగు నీళ్లు బుస్సుమని వస్తాయి. విప్పకపోతే ఆ నీళ్లే గొట్టం గుండా గన్నులోకి వచ్చి, తళతళలాడే పూత మధ్యలో గుంటలు పెడతాయి. రంగు కంపెనీని తిడతారు జనం, తిట్టాల్సింది ఆ మర విప్పనోణ్ణి.

గోడ పక్కన ఆ స్టూలు లాక్కో, కూర్చో. రంగు కలిపేది చూపిస్తా.

ఇది ఎనామిల్. డబ్బాలో ఉండే చిక్కదనం కుంచెకి సరిపోతాది, గన్నుకి పనికిరాదు. టర్పెంటాయిల్ కొంచెం కొంచెంగా పోసుకుంటా కలపాల. ఎంతని అడిగితే డబ్బాని బట్టి. పెయింటర్ల కాడ అడుగున బెజ్జం ఉండే చిన్న గిన్నె ఉంటాది, ఫోర్డు కప్పంటారు. నిండా రంగు పోసి బెజ్జం మీద వేలు తీస్తే 20 నుంచి 25 సెకన్లలో ధార తెగాల. చిక్కనయితే పూత బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా వస్తాది, పలచనయితే కారిపోతాది. కలిపినాక పాత నైలాన్ చీర ముక్క రెండు మడతలు వేసి వడగట్టాల. చూడు, ఆ మీగడ కట్టిన పెచ్చులు ఎన్ని మిగిలినాయో! వీటిల్లో ఒక్కటి ముక్కులో ఇరుక్కుంటే పని ఆపి గన్నంతా విప్పుకోవాల.

ముందు పాత క్యాలెండరు వెనక వైపు కొట్టి చూస్తా. ఒక్క చిటికెలో నొక్కి వదలాల. నిలువుగా, కోలగా, అంతటా ఒకే తీరు మచ్చ పడితే సరి. నడుమ సన్నబడి రెండు కొసల్లో లావయిందంటే గాలి ఎక్కువ. నడుమ ముద్దగా పడిందంటే రంగు ఎక్కువో, చిక్కనో. గన్నుకి మూడు మరలుంటాయి, మచ్చ వెడల్పుకి ఒకటి, రంగుకి ఒకటి, పిడి కింద గాలికి ఒకటి. మూడూ ఒకేసారి తిప్పేవాడికి ఈ జన్మకి కుదరదు. ఒకటి తిప్పాల, క్యాలెండరు మీద చూడాల, తర్వాత ఇంకోటి.

ఇప్పుడు రెక్క. దూలానికి తీగ కట్టి వేలాడేసినా చూడు. చేత్తో పట్టుకోకుండా తిప్పుకోవచ్చు. చెక్కకీ గన్నుకీ జానెడు లోపు దూరం. చెయ్యి మొత్తం పక్కకి జరపాల గానీ మణికట్టు తిప్పకూడదు. తిప్పితే నడుమ దగ్గరయి రంగు ఎక్కువ పడతాది, కొసలు దూరమయి ఎండతాది. మీట నొక్కేది చెక్క మొదలవక ముందు, వదిలేది చెక్క దాటినాక. చెక్క మీద ఉండంగా నొక్కితే ఆడ మచ్చ. ఒక వరసలో సగం మీదికి తర్వాతి వరస ఎక్కాల.

ఏటవాలు పలకలకి ఇంకో తిరకాసు ఉండాది. నేరుగా ఎదురుగా కొడితే గాలి ఆ సందులో గుద్దుకోని వెనక్కి తంతాది, రంగు మూలలోకి చేరదు. ముందు వెనక వైపు, తర్వాత అంచులు, అప్పుడు పై నుంచి ఏటవాలుగా ఒక విడత. రెక్కని తలకిందులు చేసి మళ్లీ ఏటవాలుగా ఇంకో విడత. జనం చూసే ముఖం ఆఖరిది. మొదటి పూత చెక్క సగం అగుపడేట్టు ఉత్త తుంపరే. అది జిగటగా అయినాక దాని మీద నిండు పూత. ఒకే దెబ్బకి కప్పేద్దామనుకుంటే కారతాది. కారిన చోట వెంటనే మెత్తటి కుంచె కొసతో ఎత్తేస్తే సరిపోతాది. కాస్త ఆలస్యమయితే ముట్టుకోబాకు, ఎండినాక రుద్దాల.

ఇట్రా, ఈ పౌడరు అద్దం పట్టుకో. రెక్క కింద పెట్టి, అందులో ఏం అగుపడతా ఉండాదో చెప్పు. అడుగు అంచు. రంగు పడని ఉత్త చెక్కే గదా? ఊళ్లో ఏ ఇంటి తలుపయినా చూడు, ముందు పుచ్చేది ఈడే. చెక్క నిలువు కొసలో పోగులు నోళ్లు తెరుచుకోనుంటాయి, నీళ్లు పీల్చుకుంటాయి. పైన నాలుగు పూతలు వేసి కింద ఒక్కటీ వెయ్యరు. నిలబెట్టిన తలుపుకి అడుగు ఎవరికీ అగుపడదు గదా, పెయింటరుకి అసలే అగుపడదు. దీనికి మటుకు నేను కుంచే వాడతా, చిక్కటి రంగు ముంచి మూడు సార్లు. గన్ను రంగు ఆ పోగుల్లో చాలదు.

రంగు ఆకుపచ్చ వేసుండొచ్చు గదా అని మా అత్త కూడా అడిగింది. పల్లెల్లో కిటికీలంటే ఆకుపచ్చో నీలమో. పడమటి ఎండకి ముదురు రంగు వేడిని పీలుస్తాది, చెక్క వంకర్లు పోతాది, రంగు కూడా తొందరగా వెలిసిపోతాది. అందుకే మీగడ రంగు.

గట్టి పూత కావాలని పీయూ వెయ్యమన్నాడు దుకాణమాయన. ఫర్నిచరు షాపుల్లో అద్దం మాదిరి మెరిసేది అదే. బాగుండే మాట నిజమే, ఇంట్లో కొట్టేది గాదు. దాంట్లో కలిపే హార్డనర్లో ఐసోసయనేట్ అనేది ఉంటాది, ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం వస్తాది. దానికి బయటి నుంచి మంచి గాలి పంపే ముసుగులు కావాల. మనం మొహానికి కట్టుకునే తుండుగుడ్డ ఎనామిల్‌కే చాలదు. ఇదో, నా ముసుగు చూడు, రెండు పక్కలా డబ్బాలు. లోపల బొగ్గు ఉంటాది, వాసన పట్టేస్తాది, పైన మెత్త తుంపర ఆపతాది. పెట్టుకున్నాక కూడా వాసన తగిలిందంటే డబ్బాలు మార్చే టయం అయిందని.

ఇంకోటి, షెడ్డులో దోమల కాయిలు, అగరొత్తి, మా మామ బీడీ, ఏదీ వద్దని చెప్పినా. ఈ థిన్నరు ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు, నేల మీద పాకతా పోతాది. దూరంగా ఉండే పొయ్యి కాడికి పొయ్యి అంటుకుని వెనక్కి రాగలదు. కంప్రెసరు కూడా అందుకే బయట వేపచెట్టు కింద పెట్టి పొడుగు గొట్టం లాగినా, మోటారులో నిప్పురవ్వలు లేస్తాయి గదా. టేబుల్ ఫ్యాను పెట్టుకోమంటాడు మా ఆయన. దాంట్లో ఉండేదీ మోటారే. రెండు పక్కలా తలుపులు తెరిచి పెట్టుకోవడమే.

మీ మామగారి కాలం తలుపులు ఉండాయే, వాటిని గీకి మళ్లీ వేయిద్దామని అన్న అంటా ఉండాడు గదా. ఒక్క మాట విను. పాత రంగుల్లో సీసం కలిపేవాళ్లు. ఇప్పుడయితే 2016లో కేంద్రం రూలు తెచ్చింది, ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదని. 2017 నవంబరు నుంచి అమలు. అంతకు ముందు వేసిన రంగుకి ఆ హామీ లేదు. పొడిగా గీకితే ఆ దుమ్ము నేల మీద పడతాది, పాకే బిడ్డలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. ఇంత వరకయితే పరవాలేదు అనే కొలతే సీసానికి లేదంటారు. మీ ఇంట్లోకి కొత్త బిడ్డ రాబోతా ఉండాది. గీకాల్సి వస్తే తడి కాగితంతో రుద్దమను, లేదంటే తలుపులు ఊడదీసి బయట ఎక్కడన్నా చేయించమను. నన్నడిగితే ఈ ఏడాదికి వాటి జోలికి పోవద్దు. పెచ్చులు ఊడకుండా గట్టిగా ఉంటే దాని మీదే కొత్త పూత వేసేయొచ్చు. ఆ పాత ఎనామిల్ మీద మటుకు లాకరు కొట్టించబాకు. దాంట్లో థిన్నరు ఘాటుకి కింద పూత ముడతలు పడి లేచిపోతాది.

అయ్యో, ముట్టుకోబాకు! చెయ్యి తీ! ఆరిందా లేదా అని వేలు పెట్టి చూడకుండా ఉండలేరు మనుషులు. పైకి మూడు నాలుగు గంటల్లో ఆరినట్టుంటాది, లోపల మెత్తగానే ఉంటాది. రేపు 320 కాగితంతో తేలిగ్గా రుద్ది ఇంకో పూత. తగిలించేది వారం దాటినాకే. మా ఆయన సాయంత్రానికే బిగిద్దామంటాడు. కృష్ణదేవరాయలు మా ఉదయగిరి కోట కోసం ఏడాదికి పైగా కాచుకోని 1514లో పట్టాడు, నువ్వు వారం ఆగలేవా అన్నా. ఆయనకి సైన్యం ఉండింది, నాకెవరున్నారు అంటాడు.

మధ్యలో పొయ్యిన కరెంటు వచ్చినట్టుంది, మోటారు మోగతా ఉండాది. సరే, అన్నకి ఒక పని చెప్పు. ఎల్లుండి నెల్లూరు పోతా ఉండాడు గదా. పెద్దబజారులో ఇత్తడి బందులు చూడమను, మూడంగుళాలవి. ఇనపవి వద్దు, మొదటి వానకే తుప్పు కారి కొత్త రంగంతా ఎర్ర చారలు పడతాది. వాటితో పాటు రెక్కలు గోడకి తగిలించి పెట్టే కొక్కేలు కూడా. లేకపోతే మేలో ఆ గాలికి రాత్రంతా టపా టపా కొట్టుకుంటాయి, నువ్వే నిద్రలేదని పొద్దున్నే గోడ కాడికి వస్తావు. నాకు నాలుగు జతలు కావాల. డబ్బులు అన్న వచ్చినాక ఇస్తా.